పరాయి ఆకలికి పట్టిన జోలె



మన ఊళ్ళలో కళకూ జోలెకూ చుట్టరికం ఈనాటిది కాదు. ధనుర్మాసంలో తెల్లారీ తెల్లారకముందే హరిదాసు తలమీద అక్షయపాత్రతో వీధిలోకి వచ్చేవాడు. ఫలానాది పెట్టమ్మా అని నోరు తెరిచి అడిగేవాడు కాదు. ఇంటావిడ దోసిట్లో బియ్యం తెస్తే మోకాళ్ళు వంచి పాత్ర అందించేవాడు. గంగిరెద్దులాయన, బుడబుక్కలాయన, పగటివేషగాళ్ళు, జంగందేవర, అందరి బతుకూ అదే. పాడారు, ఆడారు, గింజలు పుచ్చుకున్నారు. మనం దాన్ని భిక్ష అనేశాం గానీ నన్నడిగితే అది కూలే. కథ చెప్పినందుకు, పండగను గుమ్మందాకా తెచ్చినందుకు ఊరు ఇచ్చిన కూలి.

ఇవాళ మీతో చెప్పాలనుకున్నది మరో రకం జోలె గురించి. తమ పొట్ట కోసం కాకుండా, ఎన్నడూ చూడని మనుషుల కోసం, తమ భాష రాని మనుషుల కోసం కళాకారులు పట్టిన జోలె. సేవా కార్యక్రమాలకు కళను వాడుకోవడం అనగానే ఇప్పుడు మనకు పెద్ద స్టేడియం, సినిమా తారలు, వేదిక మీద అట్టముక్కంత చెక్కు గుర్తుకొస్తాయి. ఎనభై ఏళ్ళ కిందట ఈ పని వేరే తీరుగా జరిగింది.

1943వ సంవత్సరం. బెంగాల్.

అంతకుముందు ఏడాది బర్మాను జపాను ఆక్రమించింది. అక్కణ్ణించి వచ్చే బియ్యం ఆగిపోయింది. జపాను సైన్యం దిగితే చేతికి చిక్కకూడదని బ్రిటిషు ప్రభుత్వం తీరప్రాంతాల్లో పడవలను లాగేసుకుంది, బియ్యం నిల్వలను తరలించింది. కాలవలూ నదులూ తప్ప దారులు లేని ఊళ్ళవి. పడవ పోతే చేపలు పట్టడం పోయింది, సంతకు పోవడం పోయింది. 1942 అక్టోబరులో మిడ్నపూరు మీద తుఫాను విరుచుకుపడింది. ఆ డిసెంబరుకీ మరుసటి ఆగస్టుకీ మధ్య కలకత్తాలో బియ్యం ధర రెండున్నర రెట్లు దాటింది. కూలి మాత్రం అలాగే ఉంది. ఊళ్ళు ఖాళీ చేసి జనం కలకత్తా దారి పట్టారు.

ఆ వీధుల్లో తిరిగినవాళ్ళు అన్నం అడగలేదు. అన్నం అడిగితే ఎవరూ పెట్టరని వాళ్ళకు తెలిసిపోయింది. గంజి అడిగారు. అన్నం వార్చాక మనం తూములో పారబోసే గంజి. శాంతినికేతన్‌లో తాతగారింట ఉన్న ఒక తొమ్మిదేళ్ళ పిల్లవాడికి, వాకిట్లోకి వచ్చిన ఒక్కో కుటుంబానికి ఒక్కో సిగరెట్ డబ్బాడు బియ్యం పెట్టడానికి పెద్దవాళ్ళు అనుమతి ఇచ్చారు. ఆ పిల్లవాడే అమర్త్య సేన్. 1981లో కరువుల మీద పుస్తకం రాస్తూ, ఆ ఏడు బెంగాల్లో తిండి బొత్తిగా లేకపోవడం కన్నా దాన్ని కొనే స్తోమత పేదవాడి చేతిలోంచి జారిపోవడమే చావులకు కారణమని వాదించాడు. చనిపోయింది ఎంతమంది? ప్రభుత్వం వేసిన విచారణ సంఘం 1945లో 15 లక్షలంది. తర్వాతి పరిశోధకుల లెక్క 20 నుంచి 30 లక్షలు.

ఇంత జరుగుతుంటే ప్రభుత్వం కరువు అన్న మాటను అధికారికంగా ప్రకటించనే లేదు. యుద్ధకాలం, పత్రికల మీద ఆంక్షలు. కలకత్తాలోని 'స్టేట్స్‌మన్' ఆంగ్ల పత్రిక 1943 ఆగస్టులో వీధుల్లో పడివున్న మనుషుల ఫొటోలు అచ్చువేసే దాకా బయటి ప్రపంచానికి సంగతి సరిగ్గా తెలియలేదు. సరే, పత్రిక చదివేవాళ్ళకు ఆగస్టులో తెలిసింది. గుంటూరు జిల్లాలో అక్షరం ముక్క రాని రైతుకు ఎవరు చెప్పాలి?

ఆ ఏడాదే మే 25న బొంబాయిలో ఇండియన్ పీపుల్స్ థియేటర్ అసోసియేషన్ ఏర్పడింది. అందరూ ఇప్టా అంటారు. దానికి ఆ పేరు సూచించింది అణు శాస్త్రవేత్త హోమీ భాభా. తెలుగునాట దీని శాఖగా ప్రజానాట్యమండలి పనిచేసింది. వీళ్ళకు కమ్యూనిస్టు పార్టీతో ఉన్న బంధాన్ని దాచనక్కరలేదు. యుద్ధానికి పార్టీ మద్దతిస్తున్న రోజులవి. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు పోయినవాళ్ళకు వీళ్ళమీద కోపం ఉండేది, ఆ కోపానికి కారణమూ ఉంది. అయినా ఆకలి సంగతిని ఊరూరికీ మోసింది వీళ్ళేనన్నది కాదనలేం.

మోయడానికి వీళ్ళు ఎంచుకున్న వాహనం బుర్రకథ. ఇక్కడ కాస్త ఆగుతాను. ఎందుకంటే ఈ పనికి ఇంతకన్నా తగిన కళారూపం మరొకటి ఉండేదా అని నాకు అనుమానం.

బుర్రకథకు కావలసింది ముగ్గురు మనుషులు. నడుమ కథకుడు. నిలువుటంగీ, తలపాగా, నడుముకు పట్టీ, కాళ్ళకు గజ్జెలు, భుజాన తంబుర, వేళ్ళకు అందెలు. చెరో పక్కా గుమ్మెటలతో ఇద్దరు వంతలు. కథకుడు రెండడుగులు ముందుకు, రెండడుగులు వెనక్కు వేస్తూ పాడితే వాళ్ళు తందాన అని అందుకుంటారు. ఈ వంతల్లో ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. కిటుకంతా ఇక్కడుంది. కథ పల్నాటిదైనా బొబ్బిలిదైనా, రాజకీయం చెప్పే వంత నడుమ అడ్డుతగిలి నిన్నటి సంగతి ఎత్తవచ్చు. బ్రహ్మనాయుడి చాపకూడు దగ్గర ఆగి, ఊళ్ళో రేషను బియ్యం ఎందుకు రాలేదని అడగవచ్చు. హాస్యం వంత ఏమీ తెలియనట్టు, 'అదేంటి, బెంగాలంటే మన బాపట్ల అవతలేనా?' అన్నాడనుకోండి, జనం నవ్వుతారు. నవ్వినవాళ్ళలో సగంమందికి బెంగాలెక్కడో తెలియదు. వాళ్ళు తమకు రాని ప్రశ్నను ఆ వంత చేత అడిగించుకున్నారన్నమాట. ఆ తర్వాత కథకుడు చెప్పేది పాఠంలా ఉండదు, జవాబులా ఉంటుంది.

ఖర్చు? ఒక పెట్రోమాక్స్ లైటు. రచ్చబండ చాలు, తెర అక్కర్లేదు.

గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ ఈ కళకు ఆ రోజుల్లో ప్రాణం పోశాడు. పేదింటి బిడ్డ, దూదేకుల కులం. తన జీవితకథకు 'పింజారి' అనే పేరు పెట్టుకున్నాడు. పల్నాటి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలతో పాటు ఆయన 'బెంగాల్ కరువు'ను కూడా బుర్రకథగా కట్టాడు. ఒక్క నిమిషం ఆలోచించండి. వీరగాథలు చెప్పే గొంతు అది. కత్తి దూసే బాలచంద్రుడికి పనికొచ్చే బాణీలు, తాళాలు అవి. వాటిలో కత్తి లేని, యుద్ధం చెయ్యని, రోడ్డు పక్కన కూలబడిపోయిన మనిషిని నిలబెట్టాలి. నాజర్ చూపించిన తెగువ అదేనని నా అభిప్రాయం. తెలుగు శ్రోతకు కలకత్తా తెలియకపోవచ్చు. బియ్యం ధర తెలుసు. కోత కాగానే కళ్ళంలోంచే గింజలు షావుకారు బండెక్కడం తెలుసు. గంజి తాగి పడుకున్న రాత్రులూ తెలుసు. బెంగాలీ రైతును మన రైతుకు పరిచయం చేయడానికి దుబాసీ అక్కర్లేకపోయింది.

అటు బెంగాల్ నుంచి కూడా మనుషులు బయల్దేరారు. బినయ్ రాయ్ అనే గాయకుడి నాయకత్వంలో ఒక దళం పాటలు, నృత్యాలు పట్టుకుని ఉత్తర, పశ్చిమ భారతం తిరిగింది. ఆకలితో ఉన్న బెంగాల్ మీద ఉర్దూ కవి వామిక్ జౌన్‌పురి రాసిన పాట ఊళ్ళకు ఊళ్ళే పాడుకున్నాయి. కరువు బెంగాల్‌ది, పాట ఉర్దూలో, డబ్బులు వేసింది పంజాబీలు, మరాఠీలు, గుజరాతీలు. ఈ దళం వచ్చి వెళ్ళాక ఆగ్రా వంటి చోట్ల స్థానికులు తామే ఒక దళం కట్టుకున్నారు. చందా ఇచ్చి ఊరుకోకుండా తామూ వేషం కట్టడం దాకా పోయారు.

పాడేవాళ్ళు పాడుతుంటే గీసేవాళ్ళు నడిచారు. చిత్తప్రసాద్ అనే చిత్రకారుడు 1943 చివర్లో మిడ్నపూరు జిల్లా ఊళ్ళు కాలినడకన తిరిగాడు. నలుపు సిరాతో గీసిన ఎముకల గూళ్ళు. వాటి పక్కనే ఆ మనుషుల పేర్లు, ఊళ్ళు, వాళ్ళకు జరిగిన అన్యాయం రాసిపెట్టాడు. కరువు బొమ్మల్లో మనిషికి పేరుండటం అరుదు. జాలి పుట్టించాలంటే పేరు అడ్డమనుకుంటారు కాబోలు. అవి 'హంగ్రీ బెంగాల్' అనే చిన్న పుస్తకంగా వస్తే ప్రభుత్వం 5,000 ప్రతులు స్వాధీనం చేసుకుని తగలబెట్టించింది. ఒక బొమ్మల పుస్తకానికి సామ్రాజ్యం అంత భయపడిందంటే ఆ పుస్తకం తన పని తాను చేసిందనే. నగారా మోగిస్తున్న మనిషి బొమ్మతో ఇప్టాకు చిహ్నం గీసిందీ ఈ చిత్తప్రసాదే.

1944 అక్టోబరులో కలకత్తాలో ఇప్టా వాళ్ళు బిజన్ భట్టాచార్య 'నబాన్న' నాటకం వేశారు. కొత్త పంట పండగ అని దానర్థం. కరువు తినేసిన రైతు కుటుంబం కథ. రంగుల తెరల కాలంలో వీళ్ళు వెనకాల గోనెపట్టా కట్టి ఆడారు. డబ్బుల్లేకే అలా చేసి ఉండొచ్చు గానీ, ధాన్యం నింపవలసిన గోనె ఖాళీగా వెనకాల వేలాడుతుంటే వేరే అలంకారం ఎందుకు?

జోలె అనేసరికి పృథ్వీరాజ్ కపూర్‌ను తలుచుకోకుండా ఉండలేం. 1944లో పృథ్వీ థియేటర్స్ పెట్టి 1960 దాకా దేశమంతా తిరిగి నాటకాలాడాడాయన. నాటకం అయిపోగానే గుమ్మం దగ్గర తల వంచుకుని, ఉత్తరీయం చాచి నిలబడేవాడు. వచ్చినవాళ్ళు అందులో తోచింది వేసేవాళ్ళు. సినిమాల్లో చక్రవర్తి వేషం వేసిన మనిషి. ఎవరి మొహంలోకీ చూసేవాడు కాదట. ఎవరెంత వేశారో తనకు తెలియకూడదని అనుకున్నాడో, లేకపోతే వెయ్యనివాడు సిగ్గుపడకూడదని అనుకున్నాడో. రెండో కారణమే అయివుండాలని నాకనిపిస్తుంది. ఇప్పటి మన సభల్లో దాత పేరు మైకులో మూడుసార్లు చదువుతాం. పదివేలిచ్చినవాడి పేరు ముందు చదివి, లక్ష ఇచ్చినవాడి పేరు ఆఖర్న చదివితే అక్కడే అలక.

ఇదంతా విని, ఈ పాటలూ నాటకాలూ కరువును ఆపాయా అని మీరడగవచ్చు. ఆపలేదు. లక్షల చావుల ముందు పాటగాళ్ళు పోగుచేసిన డబ్బు ఎంత? కొన్ని గంజి కేంద్రాలు, కొంత వైద్యం. ప్రభుత్వం చెయ్యవలసిన పనిని కళ చెయ్యలేదు, చెయ్యగలదని నమ్మించడం మోసం కూడాను. దానధర్మాల ప్రదర్శనలకు నేను పెట్టే మొదటి షరతు ఇదే. ఎందుకీ ఆకలి వచ్చిందో చెప్పని ప్రదర్శన, ఎంత డబ్బు తెచ్చినా సగం పనే చేసినట్టు. బెంగాల్ దళాలు ఆకలిని పాడాయి, ఆకలికి బాధ్యులైనవాళ్ళ గురించీ పాడాయి. నాజర్ చేతిలో ఉన్న రాజకీయం వంత అందుకే.

డబ్బు ఆ రోజుల్లోనే ఖర్చయిపోయింది. బెంగాల్‌కూ మనకూ రాకపోకలు మాత్రం దాదాపు నలభై ఏళ్ళు నడిచాయి. బెంగాల్‌లో ఇప్టా గాలి పీల్చిన మృణాల్ సేన్ 1977లో తెలుగులో 'ఒక ఊరి కథ' తీశాడు. ప్రేమ్‌చంద్ కథ ఆధారం, తెలంగాణ పల్లె నేపథ్యం. కథానాయిక మమతా శంకర్, నాట్యాచార్యుడు ఉదయ్ శంకర్ కూతురు. పనిచెయ్యనని మొండికేసిన ముసలివాడిగా వాసుదేవరావు నటన చూసినవాళ్ళు మరిచిపోలేరు. కరువు చూసిన బెంగాల్ మనిషి మన ఊరికొచ్చి మన ఆకలిని మన భాషలో తీశాడు. ఆ తర్వాత రెండేళ్ళకే మరో బెంగాలీ, గౌతమ్ ఘోష్, తెలంగాణ సాయుధ పోరాటం మీద 'మా భూమి' తీశాడు. ఇప్టా పాటల నుంచే ఎదిగిన సలీల్ చౌదురి 1974లో మన 'చైర్మన్ చలమయ్య'కు సంగీతం కట్టాడు. ఇవేవీ ఒప్పందాల మీద సంతకాలు పెట్టి చేసిన సాంస్కృతిక వినిమయాలు కావు. ఒకరి కష్టకాలంలో మరొకరు పాడితే ఏర్పడిన పరిచయాలు.

అదే ఇప్టాలో 1945 ప్రాంతంలో ఒక పాతికేళ్ళ సితారు విద్వాంసుడు బాలేలకు సంగీతం కడుతుండేవాడు. 'సారే జహాఁ సే అచ్ఛా'కు ఇవాళ మనందరం పాడే బాణీ ఆయనదే. పేరు రవిశంకర్. పాతికేళ్ళకు పైగా గడిచాక మళ్ళీ బెంగాల్‌కే కష్టం వచ్చింది. 1970 నవంబరులో తుఫాను, 1971లో యుద్ధం, భారతదేశంలోకి కోటిమంది దాకా శరణార్థులు. పూర్వీకులది తూర్పు బెంగాల్ అయిన రవిశంకర్ తన శిష్యుడూ మిత్రుడూ అయిన రాక్ సంగీత తార జార్జ్ హారిసన్‌కు మొరపెట్టుకున్నాడు. ఓ పాతికవేల డాలర్లు వస్తే చాలనుకున్నాడు. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రెండు ప్రదర్శనలకు కలిపి 40,000 మంది వచ్చారు. ముందు రవిశంకర్ సితారు, అలీ అక్బర్ ఖాన్ సరోద్, అల్లా రఖా తబలా. వాళ్ళు శ్రుతి చేసుకోవడం ముగించగానే హాలంతా చప్పట్లు. శ్రుతి చేసుకోవడమే ఇంత నచ్చితే ఇక వాయించడం ఇంకా నచ్చుతుందని ఆశిస్తున్నానని రవిశంకర్ చమత్కరించాడు. నాకు ఆ చప్పట్ల మీద చిన్నచూపు లేదు. అర్థం కాకపోయినా గౌరవించాలని వచ్చినవాళ్ళు వాళ్ళు.

టికెట్ల మీద వచ్చిన దాదాపు 2,43,000 డాలర్లు యూనిసెఫ్‌కు చేరాయి. ఆ తర్వాత రికార్డుల మీద, సినిమా మీద లక్షల డాలర్లు వచ్చాయి. అవి చేరవలసిన చోటికి వెంటనే చేరలేదు. ప్రదర్శనకు ముందే సేవా సంస్థ ద్వారా పద్ధతిగా ఏర్పాటు చేసుకోకపోవడంతో అమెరికా పన్నుల శాఖ పట్టుకుంది. డబ్బు ఏళ్ళ తరబడి చిక్కులో పడింది. ఆకలిగొన్న పిల్లలు పన్నుల శాఖ ఫైలు కదిలేదాకా ఆగరు కదా. అంతటి పేరున్నవాళ్ళకే కాగితాలు సరిగ్గా లేకపోతే ఇది గతి.

మన దగ్గర 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. పదివేల మందికి పైగా పోయారు. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు వంటి తారలు వీధుల్లోకి వచ్చి విరాళాలు పోగుచేశారు. అంతకు పాతికేళ్ళ ముందు రాయలసీమ కరువుకు కూడా రామారావు జోలె పట్టాడు. తార జోలె పడితే గంటలో నిండుతుంది, దాన్ని తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. ఉప్పెన వచ్చిన వారంలో గంటలే ముఖ్యం. అయితే తార వెళ్ళిపోయాక ఊళ్ళో మిగిలేది తారను చూశామన్న సంబరం. బుర్రకథ దళం వెళ్ళిపోయాక మిగిలేది వేరు. మర్నాడు పిల్లలు చీపురుపుల్ల భుజాన పెట్టుకుని తందాన అంటారు. వాళ్ళ నోట్లో ఆ దూరదేశం పేరు కూడా నానుతుంది.

ఇప్పుడు హైదరాబాదులో, విశాఖలో, అటు అమెరికా తెలుగు సంఘాల్లో సేవా నిధుల కోసం ప్రదర్శనలు బాగానే జరుగుతున్నాయి. సంతోషమే. పిల్లలు కూచిపూడి నేర్చుకుని అరంగేట్రంలో వచ్చిన కానుకలను ఆసుపత్రికో బడికో ఇస్తున్నారు. నాకు ఒకటే వెలితి కనిపిస్తుంది. నాట్యం ఒకవైపు, ఇచ్చే కారణం ఒకవైపు ఉంటాయి. దశావతారాలు ఆడి, ఆఖర్న మైకు తీసుకుని ఈ డబ్బు కిడ్నీ రోగులకు అంటే, దశావతారాలకూ కిడ్నీకీ ముడి ఎక్కడ? ఉద్దానం కిడ్నీ వ్యాధి మీదే ఒక బుర్రకథ కట్టించవచ్చు. ఆ ఊళ్ళకు పోయి, రోగుల ఇళ్ళల్లో కూర్చుని, వాళ్ళు మంచినీళ్ళ గురించి, డయాలిసిస్‌కు బస్సెక్కి పోవడం గురించి చెప్పేది విని కట్టాలి. వాళ్ళలో పాడగలిగినవాళ్ళు ఉంటే వాళ్ళనే వంతగా నిలబెట్టాలి. వేరే రాష్ట్రంలో కష్టం వస్తే అక్కడి కళాకారుల్ని పిలిపించి మన వేదిక మీద వాళ్ళ భాషలోనే పాడించాలి. అర్థం కాదేమోనన్న బెంగ అక్కర్లేదు, మన హాస్యం వంత ఉండనే ఉన్నాడు, అడిగి చెప్పిస్తాడు.

ఇంకో పని కూడా ఆ వంతలకే అప్పజెప్పమంటాను. కథ ముగిశాక, హారతికి ముందు, రాజకీయం వంత లెక్క చదవాలి. టికెట్ల మీద ఇంత, జోలెలో ఇంత, టెంటుకూ లైట్లకూ ఇంత, కళాకారుల బత్తా ఇంత, మిగిలింది ఇంత, ఫలానా సంస్థకు ఫలానా రసీదు మీద చేరుతుంది. కళాకారుల బత్తా దగ్గర మొహమాటం వద్దు. సేవ పేరుతో కళాకారుణ్ణి పస్తుంచడం మనకు బాగా అలవాటు. సన్మానాల శాలువాలకు ఎంతయిందని హాస్యం వంత అడగాలి. జనం నవ్వాలి, నిర్వాహకులు జవాబు చెప్పాలి.